సంజీవమ్మ చూడని పక్షి

చలికాలం వస్తే సంజీవమ్మ తెల్లారగట్ల నాలుగున్నరకే లేచేది. ఆ లేవడం ఇప్పటికీ ఉంది. లేచాక చేసే పనే మారింది. మునుపైతే పాలు లేని టీ కాచి ఫ్లాస్కులో పోసి, రొట్టెల్లో చీజు రాసి చుట్టి, బాబా గొర్రెతోలు కోటు దులిపి కారులో పెట్టేది. గేటు మూసి వచ్చి మళ్ళీ కాసేపు నడుం వాల్చేది. పక్షుల్ని చూడటం బాబా పని. ఆయన్ని తీసుకుపోవడం డ్రైవర్ అన్వర్ బాషా పని. ఈ చలికాలం మాత్రం ఆమె కూడా కారెక్కుతోంది. మూడు కాళ్ళ స్టాండు మీద బిగించిన దుర్భిణీకి ఇప్పుడు కన్ను ఆనించేది బాబా కాదు, సంజీవమ్మ.

బాబా అంటే ఈ అరబ్బు దేశంలో, జాబ్రియా అనే పేటలో ఆమె పనిచేసే ఇంటి పెద్దాయన. బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయి ఆరేళ్ళయింది. కొడుకు ఆఫీసు పని మీద దేశాలు తిరుగుతుంటాడు కాబట్టి ఇల్లు నడిపేదంతా కోడలే. ఆమెను సంజీవమ్మ మామా అంటుంది, ఆ వీధిలో పనిచేసే ఆడవాళ్ళంతా తమ ఇంటి యజమానురాళ్ళను అన్నట్టే.

హాల్లో గోడ మీద ఒక ఫోటో ఉంది. ఎక్కడో ఉత్తర దేశంలో, ప్రభుత్వం వాళ్ళు కాపాడే అడవిలో, మోకాళ్ళ లోతు మంచులో బాబా, ఆయన భార్యా మెడలో బైనాక్యులర్లు వేసుకుని నిలబడి ఉంటారు. ఇద్దరి కనుబొమల మీదా మంచు పేరుకుని ఉంటుంది. అంత చలిలో పిట్టల కోసం ఎందుకు పోయినారని సంజీవమ్మ ఒకసారి అడిగింది. అక్కడి పక్షులే కదా చలికి తట్టుకోలేక ఏటా మన ఇంటికి చుట్టాలుగా వచ్చేది, చుట్టాల ఇంటికి మనమూ ఒకసారి పోయి రావాలి కదా అన్నాడాయన. మంచు ఎట్లా ఉంటుందంటే ఫ్రిజ్ తలుపు తీసి, లోపల తలపెట్టి మూడు గంటలు నిలబడి చూడమన్నాడు.

బాబా కళ్ళు కిందటి వేసవిలో పోయాయి. కంటి నరం ఎండిపోయిందనీ, వెలుగూ నీడా తప్ప ఇక ఏమీ మిగలవనీ డాక్టర్ చెప్పిన రోజు గదిలో ఉన్నది ముగ్గురే. బాబా, అన్వర్ బాషా, సంజీవమ్మ. ఇంట్లో చెప్పొద్దని బాబా ఇద్దరి చేతా మాట తీసుకున్నాడు. ఇంట్లో ప్రతి గడపా, ప్రతి కుర్చీ ఆయన కాళ్ళకు తెలుసు. చూపు కొంచెం మందగించిందని మాత్రమే కోడలు అనుకుంటోంది. పూర్తిగా పోయిందని తెలిస్తే ఆయన్ని గేటు దాటనివ్వదు.

"కండ్లు నీవి, కాళ్ళు నావి. ఇద్దరమూ కలిస్తే ఒక బాబా అక్కా," అన్నాడు అన్వర్ బాషా. అతనిది రాయచోటి. సంజీవమ్మది చిట్వేలి పక్కన పల్లె. ఊరి మాట మాట్లాడుకోవడానికి ఆ ఇంట్లో ఆమెకు దొరికిన మనిషి అతనొక్కడే.

జహ్రా అవతల రెల్లు పెరిగిన నీటి మడుగు దగ్గర కారు ఆపేవాళ్ళు. బాబా మడత కుర్చీలో కూర్చునేవాడు. సంజీవమ్మ చూసింది చూసినట్టు చెప్పాలి. ముక్కు పొడుగా, పొట్టా? వంకరా, నిటారా? కాళ్ళు ఏ రంగు? తోక ఆడిస్తోందా? ఆమెది వంటింటి అరబీ. మాటలు చాలనప్పుడు గరిటె మూతిది, ఎర్రకాళ్ళది, అత్త మాదిరి మెడ తిప్పేది అని తెలుగులో చెబితే అన్వర్ బాషా అరబీలోకి మార్చేవాడు. బాబా నవ్వి, ఆ పక్షి అసలు పేరు చెప్పి, పుస్తకంలో రాసుకునేవాడు. వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. అయినా రాయడం మానలేదు. ముప్ఫై ఏళ్ళ పుస్తకాలు ఆయన గదిలో బీరువా నిండా ఉన్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు మడుగు పక్కన గడ్డి పొలాల దగ్గర మళ్ళీ కారు ఆపించేవాడు. అక్కడ రోజూ ఒకటే ప్రశ్న. నల్ల టోపీ పెట్టుకున్న పక్షి ఉందా? కంటి మీద తెల్ల గీత ఉందా? రెండు వైపుల గీతలూ మెడ వెనక కలిశాయా? ఆ పక్షిని ఆయన ఒకే ఒక్కసారి, భార్యతో కలిసి, ఆ పొలంలోనే చూశాడు. లోకంలోనే అవి కొన్ని మిగిలాయట. సంజీవమ్మ పొలమంతా వెతికి, లేదు బాబా అనేది. సరే అని ఆయన చెయ్యి ఊపేవాడు, కారు కదిలేది.

నవంబరు చివర్లో సంజీవమ్మ భర్త బాలసుబ్బయ్య ఊళ్ళో చనిపోయాడు. లివరు చెడి కడప ఆసుపత్రిలో పడి ఉన్నాడు. చనిపోవడానికి మూడు రోజుల ముందు ఫోనులో ముఖం చూపించి, ఎప్పుడొస్తావని అడిగాడు. అబద్ధం చెప్పడం ఆమెకు అలవాటు లేదు. ఇఖామా, ఈ దేశంలో ఉండటానికి ఇచ్చే కార్డు, కొత్తది చేతికి రాలేదు, వచ్చేసరికి రెండు నెలలు పడుతుందని ఉన్నమాట చెప్పింది. ఆయన మరేమీ అడగలేదు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తిప్పుకున్న ముఖం ఇప్పటికీ ఆమె కళ్ళ ముందు నుంచి కదలదు. వచ్చే వారం వస్తాండా అని ఒక్క మాట అని ఉంటే ఆ వారమైనా బతికేవాడేమో. మెట్టెలు తానే తీసి, పాలపొడి డబ్బాలో పెట్టి, డబ్బా మంచం కిందికి తోసింది. మరుసటి రోజు నాలుగున్నరకు లేచింది.

జనవరిలో ఒక సోమవారం బాబాకు ఒళ్ళు బాగాలేదు. దగ్గుతూనే వచ్చాడు. గడ్డి పొలం దగ్గర ఎప్పటి ప్రశ్నే అడిగాడు. ఆమె అప్పటికే వెతికి ఉంది. పొలంలో బురద, దూరంగా ఒక పైపు, అంతే. లేదు బాబా అనడానికి నోరు తెరిచింది. ఆయన కుర్చీలో ముఖం పక్కకు తిప్పి దగ్గుతున్నాడు.

"ఉంది బాబా," అంది.

"నల్ల టోపీ?"

"ఉంది."

"గీతలు కలిశాయా?"

"కలిసినాయి. వెనక."

ఆయన లేచి నిలబడ్డాడు. కోటు జారి కింద పడింది. ఆ ముఖంలో వచ్చిన వెలుగు చూసి ఆమెకు సంతోషమైంది. ఆ సంతోషం ఇల్లు చేరేదాకా ఉంది. పుస్తకంలో ఒక ముక్క రాసుకుంటాడు, అంతటితో అయిపోతుందనుకుంది. ఆయన ఫోను తీసి హెస్సాకు చెప్పాడు.

హెస్సా ఆయన దగ్గర చదువుకున్న అమ్మాయి. ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతోంది. పక్షుల్ని చూసేవాళ్ళందరినీ కూడగట్టేది ఆమే. సాయంత్రానికల్లా కబురు అందరి ఫోన్లలోకీ ఎక్కింది. శుక్రవారం పొద్దున అందరూ వస్తున్నారని అన్వర్ బాషా వచ్చి చెప్పేసరికి సంజీవమ్మ చేతిలో గిన్నె జారి సింకులో పడింది.

"నీ పిట్టకు పెండ్లిచూపులకు పది కార్లు వస్తాండాయి అక్కా. పిట్ట ఉంటుంది గదా?"

ఆమె సింకులో పడిన గిన్నెను తీసి మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. అతను కాసేపు ఆమె ముఖం చూసి, నవ్వు ఆపేశాడు.

"ఎంత పని చేసినావు అక్కా," అన్నాడు మెల్లగా.

ఆ నాలుగు రోజులూ ఆమెకు రెండు భయాలు. తనను పంపించేస్తారన్న భయం ఒకటి. అంతకంటే పెద్ద భయం బాబా సంగతి. పక్షి లేదని తేలితే ముసలాయన కల్లో చూసిన పిట్టలన్నీ రాసుకుంటున్నాడంటారు. ముప్ఫై ఏళ్ళ పుస్తకాలు చిత్తుకాగితాలవుతాయి. ఇదంతా తన నోట్లోంచి వచ్చిన ఒక్క మాట వల్ల. బాబాకు చెప్పేద్దామని రెండుసార్లు ఆయన గది దాకా పోయింది. లోపల ఆయన ఆ పక్షి గురించి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. గొంతులో దగ్గు కూడా లేదు. గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి వచ్చింది.

బుధవారం ఆయన నిద్రపోయినప్పుడు బొమ్మల పుస్తకం తీసింది. ఎవరైనా అడిగితే తడబడకుండా చెప్పాలి కదా. చదవడమే రాదు, అరబీ అక్షరాలు అసలే రావు. ఒక్కో బొమ్మా చూసుకుంటూ పోతే దొరికింది. నల్ల టోపీ, తెల్ల గీత, పొట్ట మీద బొగ్గు పూసినట్టు నలుపు. కాళ్ళు, నిలబడే తీరు చూడగానే ఆమె గుర్తుపట్టింది. అది తీతువు. రంగులు వేరే అయినా జాతి అదే. తీతువు ఇంటి మీదుగా అరుస్తూ పోతే ఆ ఇంట్లో చావు వస్తుందని వాళ్ళ పల్లెలో అందరికీ భయం. అది అరిస్తే సంజీవమ్మ వాళ్ళ అమ్మ పొయ్యిలోంచి నిప్పు తీసి బయటికి విసిరేది. అట్లాంటి దాన్ని, లేనిదాన్ని, ఉందని తాను పిలిచింది. బాబా దగ్గు వినబడితే చాలు, ఆమె పని ఆపి ఆయన గది వైపు చూసేది. అయినా బొమ్మను వదల్లేదు. పొట్ట నలుపు, పొట్ట నలుపు అని నోట్లో అనుకుంటూ పనులు చేసుకుంది.

శుక్రవారం పొద్దున పొలం గట్టు మీద కార్లు వరసగా ఆగి ఉన్నాయి. దుర్భిణీలు, కెమెరాలు, టోపీలు, చలికోట్లు. అందరూ వచ్చి బాబా చెయ్యి పట్టుకుని ముబారక్ చెప్పారు. ఆయన కుర్చీలో పెళ్ళికొడుకు తండ్రిలా కూర్చున్నాడు. గంటన్నర వెతికారు. రెండు కొంగలు, పిచుకల గుంపు, అంతే. ఎగిరిపోయి ఉంటుందని కొందరు అన్నారు. కొందరేమీ అనకుండా ఫ్లాస్కులు తెరిచారు. ఆ ఏమీ అనకపోవడానికే సంజీవమ్మకు ఎక్కువ భయం వేసింది. 

హెస్సా ఆమెను పక్కకు పిలిచింది. మంచి పిల్ల, గొంతు పెంచే మనిషి కాదు. చేతిలో చిన్న పుస్తకం, పెన్ను ఉన్నాయి. ఎంత దూరంలో నిలబడింది, ఎటు తిరిగి ఉంది, ఎంతసేపు ఉంది అని అడిగింది. సంజీవమ్మ తోచింది చెప్పింది.

"పొట్ట ఎట్లా ఉంది?"

ఈ ఒక్కదానికే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "నల్లగా. బొగ్గు మాదిరి."

హెస్సా రాయబోయి ఆగింది. పెన్ను మూత పెట్టేసింది.

"ఆ నలుపు వేసవిలోనే ఉంటుంది. చలికాలం పొట్ట తెల్లబడిపోతుంది. పుస్తకంలో బొమ్మ వేసవిది. ఆ ముక్క బొమ్మ కిందే రాసి ఉంటుంది," అంది.

 రాసి ఉన్నదాని వైపు సంజీవమ్మ చూడనే లేదు. గీతలూ చుక్కలూ తప్ప ఆమెకు అక్కడ ఏమున్నాయి?

"ఒక్క మాట చెప్పు. దాన్ని మాస్టారు తన కళ్ళతో చూశారా?"

ఔనంటే తప్పు బాబా మీదికి పోతుంది, తాను తప్పించుకుంటుంది. సంజీవమ్మ పొలం వైపు చూసింది. బురద, పైపు.

"ఆయన చూడలేదు. నేనే ఉందని చెప్పినా. అక్కడేమీ లేదు. ఏమీ లేకుండానే చెప్పినా."

"పక్కనే ఉన్నారు కదా, ఆయనకు తెలియలేదా?"

దానికి ఆమె పెదవి విప్పలేదు. బాబాకు ఇచ్చిన మాట ఒక్కటే ఆమె దగ్గర మిగిలింది. హెస్సా వెనక్కి తిరిగి చూసింది. ఎవరో పక్కనుంచి వచ్చి టీ కప్పు అందిస్తున్నారు. బాబా చెయ్యి చాపాడు, కప్పు లేని వైపుకు. నవ్వుతూ గాలిని తడుముతున్నాడు. హెస్సా చాలాసేపు అలాగే చూస్తూ నిలబడింది. తర్వాత పోయి, ఆయన కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెవిలో మాట్లాడింది. బాబా నవ్వు ఒక్కసారిగా పోలేదు. మెల్లగా, అంచుల నుంచి తగ్గుతూ వచ్చింది.

"ఖలాస్," అన్నాడు. "ఇంటికి పోదాం."

 కారెక్కాక అన్వర్ బాషా అద్దంలోంచి వెనక్కి చూడ్డం మానేశాడు. జాబ్రియా మలుపు తిరిగాక బాబా ముందు సీట్లోంచి, తల తిప్పకుండానే, ఎందుకు అని అడిగాడు.

ఆమె వచ్చీరాని అరబీలో చెప్పింది. "మా ఆయన ఎప్పుడొస్తావని అడిగినాడు బాబా. నేను నిజం చెప్పినా. మూడో రోజు పోయినాడు. నువ్వు ఆరోజు దగ్గుతా ముఖం తిప్పుకున్నావు. నాకు భయమేసింది."



"నేను సంతోషం కోసం అడగలేదు సంజీ," అన్నాడు బాబా. "తెలుసుకోవడానికి అడిగాను. నువ్వు లేదంటే, అక్కడ ఏమీ లేదని నాకు కనపడేది. ఖాళీ పొలం కూడా నేను చూసేవాణ్ణి. ఇప్పుడు ఈ చలికాలం నువ్వు చెప్పినవాటిలో ఏది ఉందో, ఏది లేదో నాకెట్లా తెలుస్తుంది?"

మిగతావన్నీ నిజమేనని, తన పిల్లల మీద ఒట్టని ఆమె అంది. గరిటె మూతిది ఉంది, ఎర్రకాళ్ళవి పదకొండు ఉన్నాయి అని ఒక్కొక్కటే చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. భర్త ముఖం తిప్పుకున్నప్పుడు వేసిన భయం ఇది కాదు. అది అయిపోయినదాని భయం. ఇది ఇంకా కాబోతున్నదాని భయం. ఈ మనిషి ఇక ఏమీ అడగడేమో.

గేటు దగ్గర మామా నిలబడి ఉంది. హెస్సా మంచికే ఫోను చేసి ఉంటుంది. మామా ముందు మామగారి చెయ్యి పట్టుకుని, ఎప్పుడూ లేనిది, మెట్టు మెట్టుకూ చెబుతూ లోపలికి తీసుకుపోయింది. ఆయన చెయ్యి విదిలించుకోలేదు. అది చూసి అన్వర్ బాషా తల వంచుకున్నాడు. తర్వాత ఆమె వంటింట్లోకి వచ్చింది.

"కళ్ళు లేని మనిషిని ఇన్నాళ్ళు నీటి గట్ల మీద తిప్పారు మీరిద్దరూ. కాలు జారి ఉంటే?"

 మామా అన్నదాంట్లో అబద్ధం లేదు. దుర్భిణీ, స్టాండు, కుర్చీ, కోటు, బైనాక్యులర్లు, బీరువాలో పుస్తకాలు, అన్నీ అట్టపెట్టెలో సర్ది టేపు వెయ్యాలని చెప్పింది. రేపు పొద్దున తాను లేచేసరికి పెట్టె గుమ్మం దగ్గర ఉండాలి. అన్వర్ దాన్ని దజీజ్‌లో తమ గోడౌనుకు చేరుస్తాడు. సంజీవమ్మ సంగతి ఆదివారం బాబా కొడుకు ఊరి నుంచి వచ్చాక తేలుస్తారు.

అన్వర్ బాషా పెద్ద అట్టపెట్టె తెచ్చి హాల్లో పెట్టాడు. "నేను గూడా నీతోపాటే పోతానేమో అక్కా," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

పొద్దు వాలే వేళ అసరు నమాజు పిలుపు అయ్యాక గదిలోంచి బాబా పిలిచాడు. ఆమె తడి చేతులతోనే పోయింది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. కిటికీ తెరిచి ఉంది. అవతల ఎదురింటి పిట్టగోడ కనబడుతోంది.

"ఆ గోడ మీద ఏముంది?" అని అడిగాడు.

ఆమె కిటికీ దగ్గరికి పోయింది. ఒక పావురమైనా వచ్చి వాలితే బాగుండు అనుకుంది. ఈ వేళప్పుడు రోజూ వాలేవే. గోడ ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూసింది. మళ్ళీ చూసింది. ఉందంటే ఏమవుతుందో, లేదంటే ఏమవుతుందో ఆమెకు తెలియలేదు.

"ఏమీ లేదు బాబా," అంది.  "ఒక డిష్షు ఉంది. బట్టలారేసే తాడు, నీలం రంగుది. పిట్టలేమీ లేవు."

ఆయన ఊపిరి తీసి వదలడం వినబడింది. చెయ్యి చాపి, పక్కనున్న పుస్తకాన్ని తడిమి, ఒళ్ళోకి లాక్కున్నాడు. పెన్ను తీసి ఒక వరస రాశాడు. వంకరగా, పైదాని మీదికి ఎక్కించి. ఏం రాశాడో ఆమెకు తెలియదు. ఏమీ లేదనే రాశాడో, ఈమెను ఇక నమ్మననే రాశాడో. అడిగే ధైర్యం రాలేదు. రాసి, పుస్తకం మూసి, తలగడ కింద పెట్టుకున్నాడు. ఇక పొమ్మన్నట్టు తల ఆడించాడు.

సంజీవమ్మ హాల్లోకి వచ్చింది. అట్టపెట్టె నోరు తెరుచుకుని ఉంది. పక్కన టేపు, కత్తెర. దుర్భిణీ స్టాండు కాళ్ళకు పొద్దుటి బురద ఎండి ఉంది. మామా మెట్ల మీద ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. ఏ క్షణానైనా దిగి వస్తుంది. తొమ్మిదేళ్ళలో ఈ ఇంట్లో చెప్పిన పని చెయ్యకుండా ఆమె ఒక్కరోజు కూడా పడుకోలేదు. టేపు చేతిలోకి తీసుకుంది. కాసేపు పట్టుకుని నిలబడి, దాన్ని పెట్టె మీద కాకుండా దూరంగా, కిటికీ గట్టు మీద పెట్టింది. దుర్భిణీ ఎక్కడున్నది అక్కడే ఉంది. పుస్తకాలు బీరువాలోనే ఉన్నాయి. ఖాళీ పెట్టెను దాటుకుని, రాత్రి వంటకు ఉల్లిపాయలు తరగడానికి వంటింట్లోకి పోయింది.